జూబాకు వచ్చే ముందు అరబ్బీ పుస్తకం కొనకండి

దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో ఉద్యోగం ఖాయమైందని ఫోన్ చేసేవాళ్లు అడిగే సందేహాలు నాకు కంఠతా వచ్చేశాయి. గొడవలున్నాయా? బియ్యం దొరుకుతాయా? అరబ్బీ నేర్చుకుని రావాలా? మొదటిదానికి జవాబు నెలకో రకంగా ఉంటుంది. బియ్యం దొరుకుతాయి, ధర మాత్రం ఇంట్లో చెప్పకండి. సరుకు చాలావరకు ఉగాండా నుంచి నిమూలే సరిహద్దు మీదుగా లారీల్లో రావాలి. ఇక మూడో సందేహం గురించే ఇంత రాస్తున్నాను. ఎందుకంటే ఆ విషయంలో నేను పూర్తిగా తప్పు సామాను మోసుకొచ్చాను.

మాది రాజంపేట. మా వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు కదా, నేనూ తొమ్మిదేళ్లు అక్కడ స్టోర్‌కీపర్‌గా చేశాను. 2012లో జూబాలో ఒక మందుల హోల్‌సేల్ కంపెనీలో పని దొరికింది. అరబ్బీ వచ్చు కాబట్టి జీతం కాస్త పెంచమని కూడా అడిగాను. మొదటి వారం రోడ్డు పక్కన టీ అమ్మే ఆవిడ దగ్గర కూర్చుని ‘అనా అబ్గా చాయ్’ (నాకు టీ కావాలి) అని కువైట్ ధోరణిలో అన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, పక్క స్టూలు మీదున్నాయనతో ఏదో అంది. అందులో ‘జల్లాబా’ అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. అందరూ నవ్వారు. జల్లాబా అంటే సూడాన్ ఉత్తరాది నుంచి వచ్చిన అరబ్బు వ్యాపారి అని తర్వాత తెలిసింది. ఆ మాట ఇక్కడ పొగడ్త కాదు. ఆవిడ భాషలో నేను అనాల్సింది ‘అనా దేరు శాయ్’.

ఆవిడ మాట్లాడేది ‘అరబి జూబా’. మాటల్లో ఎక్కువ భాగం అరబ్బీవే, కానీ కైరోలోనో కువైట్‌లోనో పుట్టినవాడికి ఇది సగం కూడా ఎక్కదు. పుస్తకం కొనొద్దని చెప్పడానికి కారణం అదే.

ఈ భాష ఎలా పుట్టిందో తెలిస్తే జల్లాబా అన్న మాటకు ఎందుకంత కారం ఉందో కూడా తెలుస్తుంది. 1820ల్లో ఈజిప్టు పాలకుడు మొహమ్మద్ అలీ సూడాన్‌ను ఆక్రమించాడు. 1841లో అతని పడవలు తెల్ల నైలు మీద ఎదురెక్కి, ఇప్పుడు జూబా ఉన్న ప్రాంతంలోని గొండొకొరో దాకా వచ్చాయి. వాటి వెనకే ఏనుగు దంతాల వ్యాపారులు, దంతాల వెనకే బానిసల వ్యాపారం. ముళ్ల కంచె వేసుకుని కట్టుకున్న శిబిరాలను ‘జరీబా’ అనేవారు. ఆ కంచెల లోపల డింకా, బారి, షిల్లుక్, ఇంకా ఎన్నో తెగలవాళ్లను సైనికులుగా, కూలీలుగా, బానిసలుగా కలిపి ఉంచారు. ఒకరి భాష ఒకరికి రాదు. హుకుం ఇచ్చేది అరబ్బీలో. ఆ హుకుంల అరబ్బీనే వాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి వీలుగా తిప్పుకున్నారు.

కువైట్‌లో మనం చేసిందీ కొంతవరకు అదే. ‘అనా రూ, ఇంతా రూ, మాఫీ మాలూమ్’ (నేను వెళ్తా, నువ్వు వెళ్లు, తెలియదు) అంటూ మనవాళ్లు, మలయాళీలు, బెంగాలీలు కలిసి ఒక పని భాష తయారుచేసుకున్నాం. అయితే దాన్ని డ్యూటీ అయ్యాక గదిలో ఎవరూ మాట్లాడరు, దానిలో ఎవరూ జోలపాట పాడరు. అలాంటిదాన్ని భాషావేత్తలు పిడ్జిన్ అంటారు. జరీబాల్లో పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకు ఇదే ఉగ్గుపాల భాష అయింది. అప్పుడది క్రియోల్.

దీనికి ఉగాండాలో, కెన్యాలో ఒక చెల్లెలు ఉంది. 1880ల్లో సూడాన్‌లో మహదీ అనే మత నాయకుడి తిరుగుబాటు వచ్చినప్పుడు ఇక్కడి సైన్యంలో కొంత భాగం దక్షిణానికి తప్పుకుని ఆల్బర్ట్ సరస్సు వైపు వెళ్లింది. 1891లో లుగార్డ్ అనే బ్రిటిష్ అధికారి వాళ్లను తన కొలువులోకి తీసుకున్నాడు. వాళ్ల సంతతే నూబీలు. ఉగాండాలో బొంబో, నైరోబీలో కిబేరా వాళ్ల స్థావరాలు. కిబేరా పేరు కూడా నూబీ భాషలో అడవి అనే మాట నుంచి వచ్చిందే. వాళ్లకు చుట్టూ అరబ్బీ లేదు కాబట్టి వాళ్ల మాట తన దారిన తాను పోయింది. జూబాలో అలా కుదరలేదు. సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో చదువుకొచ్చినవాడు అరబ్బీని ఎక్కువ దట్టిస్తాడు, ఉగాండా శరణార్థి శిబిరాల్లో పెరిగి వచ్చినవాడు స్వాహిలీని, ఇంగ్లిష్‌ను కలుపుతాడు. ఒకే ఆఫీసులో ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడితే కంగారుపడకండి.

ఇక నేర్చుకోవడం. ఈ భాష మన తెలుగువాళ్ల కోసమే చేశారా అనిపిస్తుంది. అరబ్బీలో గొంతు అడుగు నుంచి తీయాల్సిన ‘ఐన్’ అక్షరం తొమ్మిదేళ్లలో నాకు ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు. వీళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. ఖంసా (అయిదు) కంసా అయింది, ఖవాజా కవాజా అయింది. కవాజా అంటే విదేశీయుడు, మీరు దిగిన రోజు నుంచీ అదే మీ పేరు. క్రియలు చాలావరకు ఉకారంతో ముగుస్తాయి: అకులు అంటే తినడం, కసురు అంటే విరగ్గొట్టడం. బస్‌ను బస్సు, పెన్‌ను పెన్ను చేసుకున్న జాతికి ఇంకేం కావాలి?

క్రియను మనిషిని బట్టి మార్చక్కర్లేదు. అనా అకులు, తిన్నాను. అనా బి అకులు, తింటాను. అనా గే అకులు, తింటున్నాను. అనా తీసేసి ఇతా పెడితే నువ్వు, ఊఓ పెడితే అతను, ఆమె, అది, అన్నీ. ఆ ‘గే’ అనే ముక్క ‘కూర్చుని ఉండటం’ అనే అరబ్బీ మాట అరిగిపోగా మిగిలింది. ‘పొద్దున్నించీ ఫోన్ చూస్తూ కూర్చున్నాడు’ అని మా అమ్మ అంటుంది చూడండి, అతను నిలబడి చూసినా సరే, అదే లెక్క. ‘ఆయన డాక్టరు’ అనడానికి ‘ఊఓ దోక్తోర్’. మధ్యలో ఇంగ్లిష్‌లోలా ఇంకో మాట అక్కర్లేదు, మనకూ అక్కర్లేదు.

బారి భాష నుంచి వచ్చిన మాటలు కూడా ఉన్నాయి. చిన్నపిల్లాణ్ణి న్యెర్కూక్ అంటారు, అది బారి మాట. ఎక్కువ మంది అయితే న్యెర్కూకాత్, ఆ తోక అరబ్బీది. మనం ఇంగ్లిష్ కారుకు తెలుగు ‘లు’ తగిలించి కార్లు అనుకున్నట్టే.

తేలికని చెప్పి మోసం చేయకూడదు కాబట్టి నేను పడ్డ గుంట కూడా చెబుతాను. ఇక్కడ మాటలో ఒత్తు ఎక్కడ పడుతుందన్నది అర్థాన్ని మారుస్తుంది. దుగు అంటే కొట్టడం. మొదటి అక్షరాన్ని నొక్కి ‘ఊఓ దుగు’ అంటే అతను కొట్టాడు. చివర నొక్కి ‘ఊఓ దుగూ’ అంటే అతను దెబ్బలు తిన్నాడు. మా గోడౌన్ కుర్రాడు ఒకరోజు చొక్కా చిరిగి వచ్చాడు. ఏమైందంటే పక్కనున్నవాడు ‘ఊఓ దుగూ’ అన్నాడు. నేను వీడే ఎవరినో కొట్టొచ్చాడనుకుని అందరి ముందూ తిట్టాను, ఆ రోజు జీతం కోస్తానన్నాను కూడా. వాడు మాట్లాడకుండా నిలబడ్డాడు. బజారులో డబ్బు లాక్కుని వాణ్ణి కొట్టారని సాయంత్రం డ్రైవర్ చెప్పాడు. మర్నాడు క్షమాపణ చెప్పాను, ‘మాలేష్’ (పర్లేదు) అన్నాడు, అంతే. మన చెవికి ఒత్తు వినిపించే అలవాటు లేదు, చివర కాస్త సాగదీసినట్టు మాత్రమే అనిపిస్తుంది. సరగు కూడా అంతే: దొంగిలించాడా, దొంగతనానికి గురైందా? స్టోర్స్ పనిలో ఉన్నవాళ్లు దీన్ని తేల్చుకోకుండా ఎవరి మీదా రిపోర్టు రాయకండి.

కువైట్ నుంచి వచ్చేవాళ్లకు ఇంకొకటి. అక్కడ దేనికైనా మాఫీ తగిలిస్తాం కదా, ‘అనా మాఫీ రూ’ అని. ఇక్కడ మాఫీ అంటే ‘లేదు’ అని మాత్రమే: గురుస్ మాఫీ, డబ్బు లేదు. ‘వెళ్లను’ అనాలంటే ‘అనా మా బి రువా’.

మీరు, గారు అనేవి ఈ భాషలో లేవు. పెద్దావిడనైనా ఇతా అనే పిలవాలి. నాకు మొదట్లో నోరు రాలేదు. మర్యాద అంతా పలకరింపులో ఉంటుంది. చెయ్యి కలిపి, ఇతా కెఫ్ (ఎలా ఉన్నావు), ఇల్లు బాగుందా, పిల్లలు బాగున్నారా అని అడిగి, వాళ్లు అడిగేదాకా ఆగి, అప్పుడు పని మాట ఎత్తాలి. నేరుగా ‘బి కామ్’ అని ధర అడిగితే ధర కూడా అలాగే చెబుతారు.

ఇది రానివాళ్లు ‘విరిగిన అరబ్బీ’ అని తేలిగ్గా మాట్లాడతారు, మన భారతీయుల్లోనూ విన్నాను. దయచేసి జూబావాళ్ల ముందు ఆ మాట అనకండి. బ్రిటిష్‌వాళ్లు 1928లో ఇక్కడికి దగ్గర్లోనే రెజాఫ్‌లో సభ పెట్టి, బడుల్లో బారి, డింకా, నూయెర్, జాండే వంటి భాషలు, పైన ఇంగ్లిష్ అని తీర్మానించారు. బజారు భాషకు పెద్ద పీట వేయలేదు. 1956లో సూడాన్ స్వతంత్రమయ్యాక ఖార్టూమ్ ప్రభుత్వం ‘అసలు’ అరబ్బీని రుద్దింది, 1960లో దక్షిణాదిలో ఆదివారం సెలవు తీసేసి శుక్రవారం పెట్టింది. దశాబ్దాల యుద్ధం తర్వాత 2011 జులై 9న దేశం విడిపోయింది. కొత్త రాజ్యాంగం ఇంగ్లిష్‌ను అధికార భాష చేసింది, దేశంలోని 60కి పైగా స్థానిక భాషలను జాతీయ భాషలంది. ఆ వరసలో అరబి జూబా పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. అయినా నూయెర్ పిల్ల, బారి కుర్రాడు ప్రేమించుకునేది దీనిలోనే, చర్చిలో పాడేది దీనిలోనే, రేడియో మిరాయాలో వార్తలు వినేది దీనిలోనే. దేశం వచ్చిన మరుసటి ఏడాది లండన్‌లో షేక్‌స్పియర్ గ్లోబ్ రంగస్థలం మీద ఇక్కడి నటులు ‘సింబెలిన్’ నాటకాన్ని అరబి జూబాలో ఆడారు. ఆ సంగతి మా ఆఫీసులో చెప్పుకుని మురిసిపోయినవాళ్లను నేను చూశాను.

మీకు కావాల్సిన కాగితాలు, వర్క్ పర్మిట్, బ్యాంకు, అంతా ఇంగ్లిష్‌లోనే నడుస్తుంది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా మాత్రం విమానం ఎక్కకండి. భాష అవసరమయ్యేది గేటు దాటాక. కొన్యో కొన్యో మార్కెట్‌లో, రక్షాలో. రక్షా అంటే మన ఆటోనే, చాలావరకు మన బజాజ్ బండే.

తిండి మాటలు ముందు పట్టుకోండి, త్వరగా వస్తాయి. అసీదా అంటే జొన్నపిండితోనో మొక్కజొన్న పిండితోనో చేసే ముద్ద. సంగటి తిన్న చెయ్యికి దాని గురించి చెప్పేదేం లేదు. కిస్రా అంటే జొన్నపిండి పులియబెట్టి పల్చగా పోసే అట్టు. బామియా బెండకాయ. కర్కడే అని ఎర్రటి చల్లటి పానీయం ఇస్తారు, నేను రెండు నెలలు అదేదో పండు అనుకుని తాగాను. అది మన గోంగూర చెట్టు కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులు ఎండబెట్టి చేసింది! ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ నమ్మలేదు.

నేర్పమని ఎవర్ని అడగాలంటే, ఆఫీసులో ఖార్టూమ్‌లో చదివిన పెద్దమనిషిని అడగకండి. ఆయన మంచి మనసుతోనే మీ వాక్యాన్ని దిద్ది అరబ్బీ చేసి పెడతాడు, మీరు మళ్లీ జల్లాబా అయిపోతారు. వీధిలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలతో మాట్లాడండి. వాళ్లకు మొహమాటం లేదు, తప్పు అంటే మొహం మీదే నవ్వుతారు. జేబులో చిన్న నోట్‌బుక్ ఉంచుకుని తెలుగు లిపిలోనే రాసుకోండి. మన అక్షరాల్లో అకులు అని రాస్తే అకులు అనే చదువుతాం, ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఏదేదో అవుతుంది. నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉన్నది ‘గురుస్ మాఫీ’. మీరూ దానితోనే మొదలుపెట్టండి. మీ జీతం ఎంతో తెలియనంత కాలం రక్షావాడి దగ్గర బాగా పనిచేస్తుంది.