దొంగసాక్ష్యమా, ఉత్త అబద్ధమా?

సందేహం: డోపింగ్ వ్యవహారంలో అబద్ధమాడిన అమెరికా క్రీడాకారులు మారియన్ జోన్స్ (పరుగుల రాణి), బ్యారీ బాండ్స్, రోజర్ క్లెమెన్స్‌ల (బేస్‌బాల్ ఆటగాళ్లు) మీద వ్యాసం రాస్తున్నాను. ‘ఈ దొంగసాక్ష్యం కేసులకు పెట్టిన ప్రజాధనం దండగ’ అనవచ్చా?

సమాధానం: ముగ్గురినీ ఒకే గాట కట్టకండి. దొంగసాక్ష్యం అనగానే మనకు తోచేది, ఇతరుల తగాదాలో చూడనిది చూశానని చెప్పేవాడు. కూటసాక్షి అన్నా దాదాపు అతడే. తన సంగతి తానే దాచిన ఆటగాడికి ఆ మాట అంతగా అతకదు. ‘ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం’ అని విప్పి రాస్తే పేచీ ఉండదు. ఈ నేరానికి ప్రమాణం ఉండాలి, తెలిసే అబద్ధమాడాలి, ఆ మాట విచారణకు ముఖ్యమైనదై ఉండాలి. ఒక్కటి లోపించినా కేసు వీగిపోతుంది.

జోన్స్ అబద్ధం చెప్పింది ఫెడరల్ దర్యాప్తు అధికారులకు. ప్రమాణం లేకున్నా అమెరికాలో అదీ నేరమే. 2007లో ఒప్పుకుంది, 2008లో ఆరు నెలల జైలుశిక్ష పడింది.

బాండ్స్ సంగతి చిక్కైనది. 2003లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో లేదో తేల్చే పౌరుల బృందం) ముందు ప్రమాణం చేసే మాట్లాడాడు. 2011 విచారణలో, అబద్ధపు వాంగ్మూలం ఆరోపణలు మూడింటిపైనా జ్యూరీకి ఏకాభిప్రాయం కుదరలేదు. న్యాయానికి ఆటంకం కలిగించాడన్నది ఒక్కటే నిలిచింది. శిక్షకుడు సూదిమందు ఏమైనా ఇచ్చాడా అంటే, పేరున్న ఆటగాడి కొడుకుగా పెరిగిన కబుర్లు చెప్పాడు మరి! ఆ డొంకతిరుగుడు జవాబు కేసుకు ముఖ్యమైనదని రుజువు కాలేదంటూ 2015లో అప్పీలు కోర్టు దాన్నీ కొట్టేసింది. కనుక ‘దొంగసాక్ష్యం రుజువైన బాండ్స్’ అని రాస్తే తప్పు.

క్లెమెన్స్‌కు ‘అబద్ధమాడిన’ అనే విశేషణమే చెల్లదు. 2008లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పిన మాటలపై అతని మీద ఆరు ఆరోపణలు పెట్టారు. 2012లో అన్నిటా నిర్దోషిగా బయటపడ్డాడు. ‘ఆరోపణ ఎదుర్కొన్న’ అనండి.

ఇక ‘దండగ’. దీని పాత రూపం దండుగకు జరిమానా అనే అర్థమూ ఉంది. బాండ్స్‌కు వేసిన దండుగ 4,000 డాలర్లు. దానికోసం ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరగడం నేటి అర్థంలో దండగే. క్లెమెన్స్ మొదటి విచారణ కూడా అంతే: జడ్జి వద్దన్న సాక్ష్యాన్ని ప్రాసిక్యూటర్లు జ్యూరీకి చూపడంతో 2011లో అది మధ్యలోనే ఆగి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. నేరం ఒప్పుకోవడంతో తేలిపోయిన జోన్స్ కేసుకు మాత్రం ఆ మాట నప్పదు.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘బాండ్స్, క్లెమెన్స్‌లు ప్రమాణం చేసి అబద్ధం చెప్పారంటూ నడిపిన కేసుల్లో ప్రజాధనం చాలావరకు దండగైంది.’