నల్లగొండ పక్కనున్న పానగల్ నిజంగా ఒకప్పటి రాజధానేనా?

అవును. కల్యాణి చాళుక్యుల సామంతులుగా 11, 12 శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులకు పానగల్ రాజధాని. తర్వాత ఊరు కాకతీయుల చేతికి, ఆపై బహమనీలకు వెళ్లింది. పేరు ఒకటే కదా అని మహబూబ్‌నగర్ వైపున్న పానగల్ కోటతో కలిపేయకండి, అది వేరు.

కోటలకంటే నాకు ఇక్కడి చెరువే గొప్పగా అనిపిస్తుంది. చోడుల కాలపు ఉదయసముద్రం ఇప్పుడు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, అంటే వచ్చిన నీటిని నిల్వ చేసి అవసరాన్ని బట్టి వదిలే జలాశయం! పాత కట్ట మీద కొత్త అవసరం వచ్చి చేరింది.

ఛాయా సోమేశ్వరాలయం తప్పక చూడండి. మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో శివలింగం వెనక గోడ మీద పగలంతా కదలని నీడ కనిపిస్తుంది. అది ఏ ఒక్క స్తంభం నీడా కాదు. పలువైపుల నుంచి వెలుతురు స్తంభాల మధ్యగా లోపలికి వచ్చేలా కట్టడం వల్ల ఏర్పడేది. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, ఆ ఆవరణలోనే మ్యూజియం ఉన్నాయి.