ముందు రీలు లెక్క చేత్తో వెయ్యి

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

అమ్మలూ, నీ మెయిల్ రెండుసార్లు చదివాను. నెవాడాలోని రీనోలో ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే, నాణెం వేసి జూదమాడే స్లాట్ మెషీన్‌కి కొత్త ఆలోచన తట్టిందంటే చాలా సంతోషం వేసింది. పేటెంట్‌కి ఎప్పుడు వెళ్లాలని అడిగావు. చెబుతాను, కానీ దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ఒక తెల్లకాగితం తీసుకుని రీలు, అంటే గుర్తులతో తిరిగే ఆ చక్రం, గీయి. సిమ్యులేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే 1890ల్లో చేసిన లిబర్టీ బెల్ మెషీన్‌కి మూడు రీళ్లు, ఒక్కోదానికి పది స్టాపులు, అంటే రీలు ఆగగలిగే చోట్లు. అంటే వెయ్యి కలయికలు. తర్వాతి కాలంలో 22 స్టాపుల రీళ్లూ వచ్చాయి. 22ని మూడుసార్లు గుణిస్తే 10,648. జాక్‌పాట్ గుర్తు రీలుకి ఒక్కటే ఉంటే, సగటున 10,648 ఆటలకు ఒకసారి వరస కుదురుతుంది. ఇప్పుడు దాని మీద లక్ష నాణేల బహుమతి పెట్టి చూడు. వేసిన ప్రతి నాణేనికీ తొమ్మిదికి పైగా తిరిగి ఇచ్చుకోవాలి! బహుమతి పెంచాలంటే రీలు పెద్దది చేయాలి, లేదంటే ఇంకో రీలు తగిలించాలి. అలాంటి పెద్ద మెషీన్ చూస్తే, ఇక్కడ గెలవడం కష్టమని ఆడేవాళ్లు పక్కదానికి వెళ్లిపోతారు.

ఈ ముడి విప్పినవాడు ఇంగే టెల్నెస్. ఆయన అమెరికన్ పేటెంట్ 4,448,419, మంజూరైంది 1984లో. రీలు ఎక్కడ ఆగాలో రీలు తేల్చుకోదు, ర్యాండమ్ నంబర్ తేలుస్తుంది. ఒక్కో రీలుకి 1 నుంచి 64 దాకా అంకెలు తీసుకుని వాటిని 22 స్టాపులకు పంచావనుకో. జాక్‌పాట్ గుర్తుకి ఒక్క అంకె ఇవ్వు. కలయికలు 2,62,144 అవుతాయి. ఇందాకటి లక్ష నాణేల బహుమతికి ఇప్పుడు వంద నాణేలకు 38 చాలు. బయట మాత్రం రీలు అదే, 22 స్టాపులే.

ఇంజినీరుగా చూస్తే ఇంత అందమైన పని నేను ఎక్కువగా చూడలేదు. అయినా ఆ పేటెంట్‌ని చివరిదాకా చదువు. గెలిచే అవకాశం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే మెషీన్ కావాలని, చట్టం ఒప్పుకునే మేరకు, అందులోనే రాసి ఉంది. జాక్‌పాట్ గుర్తుకి పైనా కిందా ఉండే ఖాళీ స్టాపులకు ఎక్కువ అంకెలు పంచితే ఏమవుతుందో నువ్వే గీసి చూడు. గుర్తు మాటిమాటికీ గెలుపు గీతకి ఒక్క మెట్టు అవతల ఆగుతుంది.

ఒకరోజు కాసినో ఫ్లోర్ మీద మా మెషీన్ పనితీరు చూస్తూ నిలబడ్డాను. ఒక పెద్దావిడ ఆడుతోంది. మూడో రీలు మీద గుర్తు గీతకి కాస్త పైన ఆగింది. ఆవిడ చూపుడువేలి గోరుతో అద్దం మీద, సరిగ్గా ఆ గుర్తు ఉన్నచోట, మెల్లగా రెండుసార్లు తట్టి మళ్లీ బటన్ నొక్కింది. ఆ ఖాళీకి ఎన్ని అంకెలు ఇచ్చామో నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే అడుగుతున్నాను. కంటికి కనిపించేదానికీ లోపల జరిగేదానికీ మధ్య ఉన్న తేడాని నీ ఆలోచన పెంచుతుందా, తగ్గిస్తుందా? పెంచేదైతే నాకు చూపించొద్దు. తగ్గించేదైతే నాకున్న టైమంతా నీదే.

లెక్క చేత్తో వేయమనడానికి ఇంకో కారణం ఉంది. కొత్తలో నేనే ఒక పే టేబుల్, అంటే ఏ వరసకి ఎంత బహుమతో చెప్పే పట్టిక, లెక్క తప్పు వేశాను. మూడూ ఒకే రకం బార్ గుర్తులు పడితే ఒక బహుమతి, ఏ రకం బార్లయినా మూడు పడితే ఇంకో చిన్న బహుమతి. ఒకే రకం పడ్డవాటిని రెండు వరసల్లోనూ కలిపేశాను. కాగితం మీద చూపిన శాతం కంటే మెషీన్ తక్కువ ఇచ్చేదన్నమాట. పక్క సీటాయన వేళ్ల మీద లెక్కపెట్టి పట్టుకోబట్టి సరిపోయింది. పార్ షీట్‌లో, అంటే మెషీన్ లెక్కంతా ఉండే కాగితంలో, తప్పు పోతే నష్టపోయేది ఆడేవాళ్లు, అది గుర్తుపెట్టుకో.

నెవాడాలో మెషీన్ లెక్క ప్రకారం వేసిన డబ్బులో కనీసం 75 శాతం తిరిగి ఇవ్వాలి, న్యూజెర్సీలో 83. ఓటమి ఖాయమయ్యాక కావాలని దగ్గరదాకా వచ్చినట్టు బొమ్మలు ఎంచి చూపే పద్ధతిని జూదాన్ని నియంత్రించే నెవాడా కమిషన్ 1980ల చివర్లోనే కాదంది. ఆ తీర్పు తెప్పించుకుని చదువు. ర్యాండమ్ నంబర్ భాగాన్ని ఒక్కదానివే రాసి ఒక్కదానివే పరీక్షించకు. రాన్ హారిస్ అని, నెవాడా జూద నియంత్రణ బోర్డులో మెషీన్లు పరీక్షించే ఉద్యోగి ఉండేవాడు. ఆయనే చిప్పుల్లో దొంగ కోడ్ పెట్టాడు, 1995లో కీనో అనే అంకెల ఆటలో చేసిన మోసంతో దొరికిపోయాడు. ఇంకో మనిషి కన్ను ఎప్పుడూ ఉండాలి.

ఇక పేటెంట్. ఎవరికైనా చూపించేలోపే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక అప్లికేషన్, దాఖలు చెయ్యి, పూర్తి అప్లికేషన్‌కి పన్నెండు నెలలు దొరుకుతాయి. అమెరికాలో బయటపెట్టాక కూడా ఏడాది గడువుంది కదా అని ధీమా పడకు, చాలా దేశాల్లో అది లేదు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆలిస్ కేసు తీర్పు వచ్చాక ఉత్త ఆట నియమాల మీద పేటెంట్ అక్కడ నిలబడటం బాగా కష్టమైంది. మన దేశంలోనైతే ఆట ఆడే పద్ధతికి పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎం) ప్రకారం పేటెంటే లేదు. కాబట్టి నీ ఆలోచనలో యంత్రం చేసే పని ఏమిటో విడిగా రాసుకో. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితం కూడా బయటికి తీసి చూడు. ఇంట్లో కూర్చుని చేసినదైనా కంపెనీదే అవుతుందేమో లాయర్‌ని అడుగు. నేను అడక్కుండా ఒక ఆలోచన పోగొట్టుకున్నాను.

వచ్చే ఆదివారంలోగా మూడు రీళ్లూ గీసి, ప్రతి స్టాపు పక్కనా దానికిచ్చిన అంకెలు వేసి ఫోటో పంపు. నేనూ విడిగా లెక్క వేస్తాను. ఇద్దరికీ ఒకే శాతం వస్తే అప్పుడు లాయర్‌కి ఫోన్ చేద్దాం.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మావయ్య