పలచబడితే సాంద్రత తగ్గినట్టేనా?

సందేహం: “వేడిచేస్తే ఆముదం సాంద్రత తగ్గి జారుగా పారుతుంది” అని మా అబ్బాయి సైన్సు నోట్సులో రాశాడు. టీచరు ‘సాంద్రత’ కొట్టేసి ‘స్నిగ్ధత’ అని దిద్దారు. రెండూ చిక్కదనమే కదా? ‘పీడనం’ బదులు ‘ఒత్తిడి’ రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: టీచరు దిద్దింది సరైనదే. చిక్కని పాలు, చిక్కటి పులుసు, చిక్కటి చీకటి – ఇంట్లో అన్నిటికీ ఒకే మాట సరిపోతుంది. శాస్త్రంలో సరిపోదు. నీళ్లు కలపని పాల చిక్కదనం గాఢత. ఒక లీటరులో ఎంత ద్రవ్యరాశి ఇమిడిందో చెప్పేది సాంద్రత. పారే ద్రవాన్ని దాని పొరలే ఎంత అడ్డగిస్తాయో చెప్పేది స్నిగ్ధత.

ఆముదమే చూడండి. లీటరు 960 గ్రాములే, నీటి మీద తేలుతుంది. అయినా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్నిగ్ధత నీటికి దాదాపు వెయ్యి రెట్లు! పాదరసం సాంద్రత నీటికి 13.6 రెట్లు, స్నిగ్ధత మాత్రం ఒకటిన్నర రెట్లే. అందుకే చకచకా దొర్లుతుంది.

ఆముదాన్ని 40 డిగ్రీలకు వేడిచేస్తే అణువుల కదలిక హెచ్చి, ఒకదాని పట్టు నుంచి ఒకటి సులువుగా జారిపోతాయి. స్నిగ్ధత నాలుగో వంతుకు పడిపోతుంది. అణువుల మధ్య ఎడం పెరిగేది కొంచెమే కాబట్టి సాంద్రత నూటికి ఒకటిన్నర పాళ్లు తగ్గుతుందంతే. అబ్బాయి రాసింది జరగక కాదు, పారడానికి అది కారణం కాదు.

‘స్నిగ్ధ’ అంటే జిడ్డుగల, నున్నని అని అర్థం. సంస్కృతంలో ‘స్నేహం’ అంటే నూనె కూడా. జిడ్డు లేని తేనెకు స్నిగ్ధత ఏమిటనిపించవచ్చు గానీ, పరిభాషగా అది స్థిరపడింది.

ఇక పీడనం. మామూలు రాతలో ‘నీటి ఒత్తిడి’ తప్పు కాదు. పాఠంలో మాత్రం ‘పీడనం’ రాయించండి. ‘ఒత్తిడి’ని మనసుకూ పనికీ కూడా వాడతాం గదా. బంగాళాఖాతంలో ఏర్పడేదాన్ని విశాఖలో ఎవరూ ‘అల్ప ఒత్తిడి’ అనరు, అల్పపీడనమే. నెత్తురు దగ్గరికొస్తే అదే ‘పోటు’ – రక్తపోటు. ఎంత చక్కటి తెలుగు మాటో! పీడనం పెరిగితే ద్రవం సాంద్రత పెరుగుతుంది, అదీ స్వల్పంగానే: 100 వాతావరణాల పీడనానికి (అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి నూరు రెట్లు) నీటి ఘనపరిమాణం నూటికి అరపాలు కూడా తగ్గదు. అణువులు అప్పటికే ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి మరి.

నోట్సులో వాక్యం ఇలా ఉండాలి: “ఉష్ణోగ్రత పెరిగితే ఆముదం స్నిగ్ధత బాగా తగ్గి జారుగా పారుతుంది, సాంద్రత కొద్దిగా తగ్గుతుంది.”