పాపకి ధైర్యం రావాలంటే ముందు మెంటర్ నోరు కట్టుకోవాలి

చిత్తూరు పక్క పల్లె, పాప ఎనిమిదో తరగతి, ఇంట్లో గలగల మాట్లాడుతుంది, బయట నోరు పెగలదు. కాలేజీ అమ్మాయిని మెంటర్‌గా పెడితే ధైర్యం వస్తుందా అని అడిగారు.

వస్తుంది, ఉపన్యాసాలు లేకపోతే. "నువ్వు సాధించగలవు" అని ఎన్నిసార్లు చెప్పినా పాప తలూపుతుంది, అంతే. ముక్కూమొహం తెలియని మనిషి తన మాటకి బదులిచ్చి పని చేసిపెడితేనే బెరుకు పోయేది. అందుకే పోస్టాఫీసుతో మొదలుపెట్టమంటాను. పదేళ్లు దాటిన పిల్లలు సొంత పేరుతో సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు, 500 రూపాయలు చాలు. ఊళ్లో బ్రాంచి మాత్రం వద్దు. అక్కడి పోస్ట్‌మాస్టర్‌కి మీ ఇంటిల్లిపాదీ తెలిసే ఉంటారు. టౌనుకే పోవాలి.

నెలకోసారి యాభయ్యో వందో జమ. డబ్బు కట్టే ఎస్‌బీ-103 చీటీ పాపే నింపాలి. మొత్తాన్ని అక్షరాల్లో రాయడం మరిచిపోతుంది, లేదా కౌంటర్‌ఫాయిల్ (ముద్ర వేసి మనకి తిరిగిచ్చే ముక్క) ఖాళీగా వదిలేస్తుంది. మెంటర్‌కి కనబడినా చెప్పకూడదు. కౌంటర్‌లో ఆయన చీటీ వెనక్కి తోసి "ఎవరొచ్చినారు పాపా నీతో?" అంటాడు. అంతా చెడేది సరిగ్గా ఇక్కడే. వెనకున్న మెంటర్ అక్క "నేను సార్" అని ముందుకొచ్చేస్తుంది. రాకూడదు. గోడవారగా నిలబడి మనసులో పది లెక్కపెట్టుకోవాలి. ఆలోపు చాలామంది పిల్లలు "ఏం తప్పుంది సార్?" అని అడిగేస్తారు. అడగలేకపోతే బయటికి తీసుకొచ్చి, ఆ ఒక్క వాక్యం రెండుసార్లు అనిపించి, మళ్లీ లోపలికి పంపండి. అదే రోజు పంపాలి, వాయిదా వేస్తే భయం ముదురుతుంది. కౌంటర్‌ఫాయిల్ మీద ముద్ర, పాస్‌బుక్కులో ఎంట్రీ పాపే చూసుకుని బయటికి రావాలి.

డబ్బు తీసేటప్పుడు ఇంకో చిక్కు. ఎస్‌బీ-7 ఫారం మీది సంతకాన్ని పాత నమూనాతో పోలుస్తారు. ఈ వయసు పిల్లలు సంతకానికి నెలకో కొత్త వంకర తగిలిస్తారు, ఫారం తిరిగొస్తుంది. మళ్లీ పెట్టి గట్టెక్కితే "సూపర్" అనకండి. "వెనక్కిచ్చినా కౌంటర్ వదిలి రాలేదే" అనండి. ఏం మెచ్చుకున్నారో పాపకి తెలియాలి.

మెంటర్‌కి, పాపకి ఐదు నుంచి ఎనిమిదేళ్ల తేడా బాగుంటుంది. కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లకి ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది, కాబట్టి చిత్తూరులోనో తిరుపతిలోనో కాలేజీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని అడగండి. తిరుపతిలో 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయమే ఉంది. ఒక అక్కకి ముగ్గురు నలుగురు పిల్లలు, వారానికి గంట, ఒకే రోజు, బడి వరండాలాంటి నలుగురికీ కనబడే చోట. ఏడాది ఉండగలిగితేనే ఒప్పుకోవాలి. సెమిస్టర్ పరీక్షలకి రాలేకపోతే ముందే తేదీలు చెప్పాలి. చెప్పకుండా మాయమైతే పాప తప్పు తనదే అనుకుంటుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పాస్‌బుక్కు అట్ట లోపల రాయించండి.

మార్చి 8న మహిళా దినోత్సవం అంటూ శాలువాలు, ముఖ్య అతిథి గంటసేపు ప్రసంగం, లంగా ఓణీల్లో పూలపళ్లేలతో నిలబడిన ఆడపిల్లలు... వాళ్లలో ఒక్కరికీ మైకు ఇవ్వరు. ఆ ఖర్చు పిల్లల బస్సు ఛార్జీలకి ఇచ్చినా పోయేది.

పోస్టాఫీసు అలవాటయ్యాక ఆర్టీసీ బస్టాండులో ఎంక్వైరీ, ఆ తర్వాత హెడ్‌మాస్టర్‌కి సొంతంగా రాసిన అర్జీ. ఈలోగా చుట్టాలొచ్చి "ఏం చదువుతున్నావు పాపా?" అంటే మీరు బదులివ్వకండి. "మా పాపకి సిగ్గు" అని దాని ముందర అసలే అనకండి.