టెలిగ్రామ్ ఛానెల్ నడిపే అబ్బాయికి ఏ దారి చూపించాలి?

ప్రశ్న: మాది తెనాలి. చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. రెండేళ్లుగా టెలిగ్రామ్‌లో ఒక ఛానెల్ నడుపుతున్నాడు. కొత్త సినిమాల లింకులు, కోచింగ్ సెంటర్ల మెటీరియల్ పీడీఎఫ్‌లు పెడతాడు. నలభై వేలమంది చూస్తారట. బెట్టింగ్ యాప్‌ల ప్రకటనల మీద నెలనెలా కొంత డబ్బు వస్తోంది. 'ఇదే డిజిటల్ మార్కెటింగ్ నాన్నా, ఇదే నా కెరీర్' అంటున్నాడు. సినిమాల పైరసీ సైటు ఐబొమ్మ కేసు చూశాక మాకు టెన్షన్ పట్టుకుంది. ఎవరో ఛానెల్ కొంటామంటున్నారట. అమ్మేసి బయటపడొచ్చా? వాడికి ఏ దారి చూపించాలి? – ఒక తండ్రి

జవాబు: ఛానెల్ అమ్మకండి. కొనేవాడు దాన్ని ఎందుకు కొంటున్నాడో మీకూ తెలుసు. రేపు అందులో ఎవరు ఏం పెట్టినా, అసలు ఛానెల్ పెట్టిందెవరన్న ప్రశ్న వస్తుంది. పైగా అమ్మిన డబ్బు మీవాడి యూపీఐలో కనిపిస్తూనే ఉంటుంది. పోస్టులు ఆపించి, ప్రకటనలవాళ్లతో లావాదేవీలు తెంపించి, ఛానెల్ మూసేయించండి. అయితే ఇప్పటికే పోలీసుల నుంచో, ఏదైనా కంపెనీ లాయరు నుంచో నోటీసు వచ్చి ఉంటే మాత్రం దేన్నీ చెరిపెయ్యనివ్వకండి. ఫోన్ ఫార్మాట్ కొట్టనివ్వకండి. ముందు ఒక లాయరును కలవండి. సాక్ష్యం మాయం చేశాడన్న ఆరోపణ కూడా తోడైతే ఇంకా కష్టం.

'అందరూ పెడుతున్నారు, నన్నొక్కణ్నే పట్టుకుంటారా' అని మీవాడు అనే ఉంటాడు. నా దగ్గరకొచ్చే పిల్లలు చాలామంది అదే అంటారు. కొన్నేళ్ల క్రితమైతే ఆ మాటలో కొంత నిజం ఉండేది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. థియేటర్‌లో దొంగచాటుగా రికార్డు చేసినా, అలాంటి కాపీని లాభం కోసం జనానికి చూపించినా కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు. జరిమానా 3 లక్షల రూపాయలతో మొదలై, ఆ సినిమా ఆడిటైన నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లొచ్చు. 100 కోట్ల సినిమా అయితే ఎంతో మీరే లెక్కేసుకోండి. అదే ఏడాది నవంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఫిర్యాదుల కోసం 12 మంది నోడల్ అధికారులను పెట్టింది. ఫిర్యాదు అందిన 48 గంటల్లో లింకు మీద చర్య తీసుకోవాలన్నది ఏర్పాటు. ఇది కాక 1957 నాటి కాపీరైట్ చట్టం ఎలాగూ ఉంది. దాని 63వ సెక్షన్ కింద పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చని, అది నాన్‌బెయిలబుల్ అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

టెలిగ్రామ్‌లో పేరు కనపడదు కదా అనే ధీమా కూడా వద్దు. 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టుకు ఒక కోచింగ్ మేడమ్ కేసు వచ్చింది. ఆమె వీడియో పాఠాలు, పుస్తకాలు ఛానెళ్లలో పెట్టేశారు. ఒకటి మూయిస్తే ఇంకొకటి తెరిచారు. ఆ ఛానెళ్లు నడిపేవాళ్ల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, ఐపీ అడ్రస్‌లు ఇవ్వాలని కోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. మీవాడు పెట్టే పీడీఎఫ్‌లదీ ఇదే బాపతు.

నన్ను అడిగితే సినిమా లింకుల కన్నా బెట్టింగ్ డబ్బే పెద్ద ముప్పు. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో, డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేస్తే 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని రాసి ఉంది. 2025 నవంబరు నాటి ఐబొమ్మ అరెస్టులో కూడా బెట్టింగ్ యాప్‌ల డబ్బు గురించే పోలీసులు గట్టిగా మాట్లాడారు. కోర్టులో ఏం తేలుతుందో అది వేరే సంగతి. అప్పుడు సోషల్ మీడియాలో ఆ అరెస్టయినవాడి మీద జాలి చూపించినవాళ్లు బోలెడుమంది. టికెట్ రేట్ల మీద కోపం నాకూ ఉంది. కానీ జాలి పోస్టులు పెట్టినవాళ్లు ఎవరి బెయిలుకూ పూచీ సంతకం చేయడానికి రారు.

కెరీర్ లెక్కలో చూస్తే శిక్ష దాకా వెళ్లక్కర్లేదు, ఎఫ్ఐఆర్ చాలు. ప్రభుత్వ ఉద్యోగానికి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడుగుతారు, దాచితే అది ఇంకో తప్పు. పాస్‌పోర్టుకు పోలీసులు ఇంటికొస్తారు. అమెరికా వీసా దరఖాస్తులో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్న ఉంది. ఎమ్మెస్‌కు పంపాలని మీ మనసులో ఉంటే ఇది అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

ఇక దారి. మీవాడికి పని రాదని నేననను. నలభై వేలమందిని పోగేయడం, బాట్లు పెట్టడం, ఏ పోస్టు ఏ టైముకు పడితే జనం చూస్తారో కనిపెట్టడం, ఇవన్నీ నేర్చినవే. రెజ్యూమెలో మాత్రం ఆ ఛానెల్ పేరు రాయొద్దు. ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పుకోనూ వద్దు.

పైరసీని వేటాడే పని ఒకటుంది. హైదరాబాద్‌లో తెలుగు ఫిల్మ్ ఛాంబర్‌కు యాంటీ వీడియో పైరసీ సెల్ ఉంది, ప్రైవేటు ఏజెన్సీలూ ఉన్నాయి. బయటివాళ్లు అనుకున్నంత థ్రిల్లింగ్‌గా ఏమీ ఉండదు. సినిమా రిలీజైన రోజు రాత్రంతా లింకులు వెతకడం, యూఆర్ఎల్, టైముతో స్క్రీన్‌షాట్ తీసిపెట్టడం, నోటీసు పంపడం, తీశారో లేదో మళ్లీ చూడటం. థియేటర్ ప్రింటు దొరికితే ల్యాబ్‌కు పంపుతారు. డిజిటల్ ప్రొజెక్టర్ బొమ్మలో కంటికి కనపడని వాటర్‌మార్క్ ఉంటుంది కాబట్టి ఏ థియేటరో, ఏ రోజు ఏ షోలో తీశారో బయటపడుతుంది. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, షిఫ్టులు ఉంటాయి. సైబర్ ఫోరెన్సిక్స్ వైపు వెళ్లాలనుకునేవాడికి మాత్రం మంచి మెట్టు.

నాకు ఇంకా నచ్చే దారి వేరే ఉంది. మీవాడి ఛానెల్ వల్ల నష్టపోయేది పెద్ద హీరో కన్నా ముందు, గుంటూరులో రెండు గదుల్లో గ్రూప్స్ కోచింగ్ చెప్పుకునే మాస్టారు. ఆరు నెలలు కూర్చుని రాసుకున్న నోట్సు ఒక్క రాత్రిలో ఫ్రీ అయిపోతుంది. ఆ మాస్టారికి కావలసిన పనివాడు సరిగ్గా మీవాడే. ప్రతి పీడీఎఫ్ పేజీ మీదా ఆ విద్యార్థి ఫోన్ నంబరు పడేలా చేస్తే, లీకైతే ఎవరి కాపీయో తెలుస్తుంది. నోట్సుకు కాపీరైట్ రిజిస్ట్రేషన్ ఫీజు 500 రూపాయలు. ఇన్‌స్టిట్యూట్ పేరుకు ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్‌లో వేస్తే మామూలుగా ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో రకం సరుకుకో సేవకో, 9,000 రూపాయలు; వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 4,500 మాత్రమే. రిజిస్టరైతే పదేళ్లు. చిన్న సంస్థ అని చూపించడానికి కేంద్ర ప్రభుత్వం చిన్న సంస్థలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉచితం, దానికి డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. పచ్చళ్లమ్మే ఆవిడ, స్వీట్ షాపు, చేనేత చీరలు ఇన్‌స్టాలో అమ్మే కుటుంబం, అందరికీ ఈ పని అవసరమే. వాళ్లకు ఇది చేసిపెట్టేవాళ్లు మన చిన్న ఊళ్లలో తక్కువ.

దీన్ని వృత్తిగా చేసుకోవాలంటే మూడు చదువులున్నాయి. డిగ్రీ తర్వాత లా కోర్సుల ప్రవేశపరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ. లాయరైతే ట్రేడ్‌మార్క్ పని నేరుగా చేయొచ్చు. ఏ డిగ్రీ ఉన్నా, 21 ఏళ్లు నిండితే ట్రేడ్‌మార్క్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. సైన్స్ డిగ్రీ కాబట్టి పేటెంట్ ఏజెంట్ పరీక్షకూ అర్హుడే. ఈ పరీక్షలు ఏటా కచ్చితంగా వస్తాయని నమ్ముకోకండి. అందుకే మీవాడికి నా ఓటు లాసెట్‌కు. పక్కన హైదరాబాద్‌లోని లా యూనివర్సిటీ నల్సార్ దూరవిద్యలో సైబర్ లాస్ పీజీ డిప్లొమా చేస్తే బాగుంటుంది.

ఒక్క మాట మీ గురించి, ఏమీ అనుకోకండి. మీ షాపులో డీటీపీ సాఫ్ట్‌వేర్ కొన్నదేనా? క్రాక్ అయితే, తెలిసి వాడినందుకు కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ మీకు వర్తిస్తుంది, వాడికి చెప్పే మాటకూ బలం ఉండదు. కొనే స్తోమత లేకపోతే స్క్రైబస్, ఇంక్‌స్కేప్ ఉచితమే. ప్రెస్‌వాళ్లు అడిగే సీఎంవైకే (నాలుగు రంగుల ముద్రణ) పీడీఎఫ్ స్క్రైబస్‌లో వస్తుంది. పాత పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు నడవదు కాబట్టి మొదటి నెల చేతులు తడబడతాయి, ఆ మార్పిడి పని మీవాడికే అప్పజెప్పండి. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. వాటిలో మీ ఊరి పేరుతోనే ఒకటుంది, తెనాలి రామకృష్ణ. పెళ్లికార్డు మీద పేర్లకు వేసి చూడండి.