గూడబాతు అని ఎందుకన్నారో అక్కడే తెలిసింది

ప్రశ్న: ఈ శని, ఆదివారాలు పది మందిమి కలిసి పులికాట్, నేలపట్టు వెళ్తున్నాం. పక్షుల్ని చూడ్డానికి వెళ్లడం ఇదే మొదటిసారి. ఏ కెమెరా, ఏ లెన్స్ కొనమంటారు?

ఏదీ కొనకండి. అందులో పదో వంతు డబ్బుకి మంచి 8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి) వస్తాయి. అవి మెడలో వేసుకుని బయల్దేరండి. మూడేళ్ల కిందట జనవరిలో మేం పదకొండు మందిమి ఇదే దారిన వెళ్లొచ్చాం కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

శనివారం పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే వెళ్తుంది, రెండు పక్కలా నీళ్లే. దూరంగా లేత గులాబీ గీత గీసినట్టు ఫ్లెమింగోలు. తలలు తిరగేసి నీళ్లలో పెట్టి, ఆ వంకర ముక్కులతో బురదనీళ్లు వడగట్టుకుని తింటున్నాయి. మాలో ముగ్గురి దగ్గర పెద్ద లెన్సులు ఉన్నాయి. ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి అంటూ రోడ్డు దిగి బురదలోకి నడిచారు. ముందు ఒక పక్షి మెడ ఎత్తింది, ఆ వెంటనే అన్నీ ఎత్తాయి. నీళ్ల మీద నాలుగడుగులు పరుగెత్తి గుంపంతా లేచిపోయింది. వీళ్లకి ఫొటోలు దొరికాయి, వాటికి నోటి దగ్గరి మేత పోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఫోన్లో పక్షి కూతలు పెట్టి పిలిచేవాళ్ల మీదా ఇదే కోపం. గూడు కట్టుకునే కాలంలో ఆ కూత విని, ఎవరో తన చోటులోకి వచ్చారనుకుని ఆ పక్షి ఎంత అల్లాడుతుందో!

ఆదివారం తెల్లారేసరికి నేలపట్టులో ఉన్నాం. 1976 నుంచి అది పక్షుల రక్షిత కేంద్రం. చెరువు నీళ్లలోనే నిలబడి ఉన్న కడప చెట్ల నిండా గూళ్లు. మా వాళ్లు యాప్ తెరిచి ఇంగ్లీషు పేర్లు టిక్కులు పెట్టుకుంటున్నారు. స్పాట్ బిల్డ్ పెలికాన్, టిక్కు. ఓపెన్ బిల్ స్టార్క్, టిక్కు. పేరు రాసుకోగానే పక్కదానికి పోవడమే, ఏ పక్షినీ రెండు నిమిషాలు చూసింది లేదు.

కట్ట మీద ఒక పెద్దాయన, కింద పొలం ఆయనదేనట, మమ్మల్ని చూసి ఆగాడు. మేం పెలికాన్ అంటున్న పక్షిని చూపించి "అది గూడబాతు అబ్బయ్యా" అన్నాడు. ఆ పేరెలా వచ్చింది పెద్దాయనా అని అడిగాను. నోటితో చెప్పలేదాయన. భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస నా చేతికిచ్చాడు, రెండో కొస తను పట్టుకుని వంగి ఊపాడు. గూడ! కాలవలోంచి చేనుకి ఇద్దరు చెరోవైపు తాళ్లు పట్టుకుని నీళ్లు చేదే గూడ. మా తాత, చిన్నాయన అలా గూడ వెయ్యడం నేను చిన్నప్పుడు చూశాను. "ఇప్పుడు చూడు" అన్నాడు. కట్టకు దగ్గర్లోనే ఒక గూడబాతు ముక్కు నీళ్లలోకి దింపి ఈడ్చింది. కింది సంచి గూడలాగే నిండి వేలాడింది. ముక్కు కిందికి వంచి నీళ్లు కారిపోయేదాకా ఆగింది. తర్వాత తల వెనక్కెత్తి ఒక్క గుటక. అప్పటిదాకా అరగంట నుంచి గూడబాతుల్నే చూస్తున్నా, నేను నిజంగా చూసింది ఆ ఒక్కదాన్నే.

నత్తగుల్లలు ఒలుచుకు తినేది నత్తగుల్ల కొంగ. పగలంతా చెట్లలో మునగదీసుకుని పొద్దుగూకాక వేటకి లేచేది చింతవొక్కు. ఈ పేర్లన్నీ ఆయన చెబుతుంటే రాసుకున్నాను. పక్షులు దిగిన ఏడు పంటకి మంచిదట, వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లే చేనుకి ఎరువట. ఆ ఊళ్లో వాటి జోలికి ఎవరూ పోరు.

ఇంకో మాట. మన దగ్గర ఏ కొంగ కనబడినా "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని రాసేస్తారు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ ఏవీ సైబీరియావి కావు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన వాటిని అతిథులంటే నాకు కష్టంగా ఉంటుంది. ఉత్తరం నుంచి చలికాలానికి వచ్చే సూదితోక బాతుల్లాంటివి వేరు.

మీ పది మందికీ కలిపి ఒక స్పాటింగ్ స్కోపు (స్టాండు మీద పెట్టి దూరంగా ఉన్నవి చూసే దుర్భిణి) అద్దెకి దొరికితే తీసుకెళ్లండి. మట్టి రంగు బట్టలు వేసుకోండి. పులిహోర పొట్లాల కవర్లు మళ్లీ మీ సంచిలోకే రావాలి. నేలపట్టుకి మాత్రం ఎండెక్కక ముందే చేరండి, పొలానికి వచ్చే పెద్దవాళ్లు ఆ వేళలోనే కట్ట మీద దొరుకుతారు.